లుబుంబాషిలో ఉద్యోగం

కాంగోలో పనిచేస్తున్నానంటే ఇంటివాళ్లు ముందు అడిగేది "గొడవలేం లేవు కదా?" అనే. నేనుండే లుబుంబాషికి, యుద్ధం జరుగుతున్న గోమాకు మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైనే దూరం. అయినా 2025 జనవరి చివర్లో ఎం23 తిరుగుబాటుదారులు గోమాను పట్టుకున్నప్పుడు మాకూ టెన్షన్ తప్పలేదు. వాళ్ల వెనుక పొరుగు దేశం రువాండా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు చెబుతున్నారు. రువాండా కాదంటోంది. రాజధాని కిన్షాసాలో జనం రువాండాతో పాటు ఫ్రాన్స్, బెల్జియం, అమెరికా ఎంబసీల మీద కూడా పడ్డారు.

వాటిలో బెల్జియం మీద ఎందుకంత కోపమో ఈ ఊళ్లో ఉంటే తెలుస్తుంది. 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. పదకొండు రోజులకే, బెల్జియం గనుల కంపెనీ యూనియన్ మినియేర్ అండతో ఈ కటాంగా ప్రాంతం విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. 1961 జనవరి 17న తొలి ప్రధాని లుముంబాను ఈ ఊరి దగ్గరే కాల్చి చంపారు. శవాన్ని యాసిడ్‌లో కరిగించారు. మిగిలిన ఒక్క పన్నును బెల్జియం 2022లో గానీ తిరిగివ్వలేదు. జనవరి 17 ఇక్కడ సెలవు రోజు. ఆ కథ చెప్పేటప్పుడు మా ఆఫీసులో పెద్దాయన గొంతు ఇప్పటికీ వణుకుతుంది. అదే 1961 డిసెంబరులో, ఐక్యరాజ్యసమితి తరఫున వచ్చిన మన సైన్యం కెప్టెన్ సలారియా కూడా ఇక్కడే పోరాడి చనిపోయారని నేను చెబితే, ఆయన లేచి నాకు చెయ్యి కలిపారు.

నా పని ఎగుమతి కాగితాలు చూడటం. రాగి పలకలు, సగమే శుద్ధి అయిన కోబాల్ట్ హైడ్రాక్సైడ్ పొడి సంచులు నింపుకున్న లారీలు కసుంబలేసా సరిహద్దు దాటి, జాంబియా మీదుగా దర్బన్, దార్ ఎస్ సలామ్ రేవులకు పోతాయి. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో మూడింట రెండు వంతులకు పైగా ఈ దేశానిదే. దాన్ని శుద్ధి చేసేది మాత్రం ఎక్కువగా చైనాలో. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకు సరుకిచ్చే ఈ ఊళ్లో కరెంటు పోని రోజు ఉండదు.

ధర బాగా పడిపోవడంతో 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం కోబాల్ట్ ఎగుమతులు ఆపేసింది. మా ఆఫీసులో చాలామందికి ఓవర్‌టైమ్ పోయింది. ఇంటికి డబ్బు పంపాల్సిన నాకు అది కష్టంగానే అనిపించింది. కానీ నాతో పనిచేసే కాంగో కుర్రాడు, "మా సరుకును మేమే ఆపగలిగాం, అది చాలు" అన్నాడు. అక్టోబరులో నిషేధం పోయి, ఎవరెంత ఎగుమతి చేయొచ్చో చెప్పే కోటాలు వచ్చాయి. కోటాలతో ఆగకూడదు, శుద్ధి కూడా ఇక్కడే జరగాలి. అప్పుడు నేను చేసే ఈ కాగితాల పని తగ్గిపోయినా సరే.