నాలుగు ర్యామ్ స్టిక్కులు పెట్టి నేను పడ్డ తిప్పలు

పాత కంప్యూటర్‌లో 4కే వీడియో టైమ్‌లైన్ మీద వేస్తే చాలు, ఆగి ఆగి నడిచేది. రాత్రి రెండర్ (ఎడిట్ చేసిందాన్ని పూర్తి వీడియో ఫైలుగా తయారుచేసే పని) పెట్టి పడుకుంటే పొద్దున్నే చూసేసరికి 63 శాతం దగ్గర బిగుసుకుపోయి ఉండేది. ఇక దీంతో లాభం లేదనిపించి కొత్తది నేనే పార్టులు తెచ్చుకుని అసెంబుల్ చేద్దామని కూర్చున్నా. పగలు ఎడిటింగ్, రాత్రి గేమ్స్, మధ్యలో మాత్రం ఆగిపోకూడదు, నేను కోరుకున్నది ఇంతే.

నా కెమెరా 10 బిట్ 4:2:2 హెచ్.265 అనే, రంగుల వివరం ఎక్కువగా ఉండే వీడియో ఫార్మాట్‌లో రికార్డ్ చేస్తుంది. ఈ ఫార్మాట్‌ని చాలా గ్రాఫిక్స్ కార్డులు హార్డ్‌వేర్‌లో డీకోడ్ చెయ్యవు, అంటే సొంతంగా విప్పి చూపించలేవు, బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఇంటెల్‌లో 11వ తరం నుంచి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో వచ్చే క్విక్ సింక్ అనే వీడియో భాగం దీన్ని చూసుకుంటుంది, కానీ పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ కొంటే అందులో గ్రాఫిక్సే ఉండవు కాబట్టి అదీ లేదు. ఎన్విడియాలో అయితే 2025లో వచ్చిన 50 సిరీస్ నుంచే ఉంది. గేమ్ బెంచ్‌మార్కులు ఎన్ని తిరగేసినా ఈ ముక్క దొరకదు. అలా ఆర్‌టీఎక్స్ 5070 టీఐ, 16 జీబీది తీసుకున్నా. ప్రాసెసర్‌కి అందరూ ఎక్స్3డీ ఎక్స్3డీ (గేమ్స్‌కి బాగా పనికొచ్చే, క్యాష్ ఎక్కువున్న రకం) అన్నారు గానీ గేమ్‌లో నాలుగు ఫ్రేములు తగ్గితే నాకు పోయేదేం లేదు, రెండర్‌కి కోర్లు కావాలి, అందుకే 12 కోర్ల రైజెన్ 9 9900ఎక్స్.

పవర్ సప్లై దగ్గర పీనాసితనం చెయ్యలేదు. కార్డు 300 వాట్లు, దానికి కంపెనీ చెప్పే సప్లై 750, కానీ కార్డు కొన్ని మిల్లీసెకన్ల పాటు దాని లెక్క దాటి లాగేస్తుంది, ఆ దెబ్బ తట్టుకునేలా ఏటీఎక్స్ 3.0 అనే పవర్ సప్లై ప్రమాణం నుంచి రూల్స్ పెట్టారు, అందుకని అలాంటిదే 850 వాట్లది వేశా. డబ్బా మీద గోల్డ్ అని ఉంటే అది కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పేదే, లోపల సరుకు ఎలాంటిదో చెప్పదు.

ఇక ర్యామ్. మొదట రెండు 16 జీబీ స్టిక్కులు, 6000 స్పీడువి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కేస్తే రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టా. పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగా ఉంది, బోర్డు మీద డ్రామ్ (అంటే ర్యామే) అని రాసున్న చిన్న లైటు వెలుగుతూనే ఉంది. చెమటలు పట్టాయి. రెండు నిమిషాలు చూసి ఆఫ్ చేసి స్టిక్కులు పీకి మళ్ళీ పెట్టా, మళ్ళీ అదే. మూడోసారి విసుగొచ్చి అలాగే వదిలేసి మొహం కడుక్కుని వస్తే బయోస్ (విండోస్ కంటే ముందొచ్చే బోర్డు సెట్టింగ్‌ల) స్క్రీన్ వచ్చి కూర్చుంది! డీడీఆర్5కి, అంటే ఈ తరం ర్యామ్‌కి, మొదటిసారి ట్రైనింగ్ అని, ప్రాసెసర్ దానితో సర్దుబాటు చేసుకోడానికి నిమిషాలకు నిమిషాలు పడుతుందట, నేనేమో దాన్ని సగంలో ఆపేస్తూ వచ్చా.

కొన్ని నెలలు హాయిగా గడిచింది. తర్వాత 32 జీబీ చాలట్లేదని అదే మోడల్ ఇంకో జత తెచ్చి ఖాళీగా ఉన్న రెండు స్లాట్లూ నింపేశా. ఎక్స్‌పో (ర్యామ్‌ని డబ్బా మీదున్న స్పీడుకి నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్, 6000, బూట్ అయింది, గేమ్స్ గంటలు గంటలు ఆడినా ఏమీ కాలేదు. నాలుగో రోజు రెండర్ మధ్యలో బ్లూ స్క్రీన్. మర్నాడు ఇంకో ఎర్రర్ పేరుతో ఇంకోటి. డ్రైవర్ మార్చా, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశా, చివరికి విండోస్ కూడా మళ్ళీ ఎక్కించా, ఒక ఆదివారం మొత్తం దానికే పోయింది. ర్యామ్ మీద అనుమానం రాలేదు ఎందుకంటే డీడీఆర్5లో ఈసీసీ, అంటే తప్పుల్ని తనే సరిదిద్దుకునే ఏర్పాటు, ఉంటుంది కదా అని నా ధీమా. అది చిప్పు లోపలి తప్పుల్నే సరిదిద్దుతుంది, చిప్పు నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో జరిగేదానితో దానికి సంబంధం లేదని తర్వాత తెలిసింది.

దొంగ దొరికింది ఒక జిప్ ఫైల్ దగ్గర. పెద్ద ఫైలు, విప్పుతుంటే సీఆర్‌సీ ఎర్రర్ అంది, అంటే లోపలి డేటా లెక్క సరిపోలేదని. సరే డౌన్‌లోడ్ పాడైందేమో అనుకుని, ఊరికే ఇంకోసారి విప్పి చూశా, అదే ఫైలు, ఈసారి చక్కగా విప్పుకుంది. డిస్క్ మీదున్న ఫైలు దానంతటది బాగుపడదు కదా! ఆ రాత్రే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి నడిపా. రెండు పాస్‌లు శుభ్రంగా వెళ్ళాయి, మూడోదాంట్లో ఎర్ర గీతలు మొదలయ్యాయి.

అప్పుడు ప్రాసెసర్ స్పెసిఫికేషన్ పేజీ తీసి చదివా. కొనేముందు కూడా ఇదే పేజీ చూశా, ఆ లైను కళ్ళ ముందు నుంచే పోయింది. రెండు స్టిక్కులైతే 5600, నాలుగైతే 3600 అని స్పష్టంగా ఉంది. ఆ పైన నడిపేదంతా, డబ్బా మీద 6000 అని ఎంత పెద్దగా రాసున్నా, ఓవర్‌క్లాకే, అంటే ప్రాసెసర్ కంపెనీ చెప్పిన స్పీడు దాటి నడపడమే. గేమ్‌లో ఎక్కడో ఒక బిట్టు తారుమారైతే ఓ పిక్సెల్ రంగు మారి పోతుందేమో, మనకి కనపడను కూడా కనపడదు, రెండర్‌లో అలా కాదు, గంటల తరబడి ర్యామ్ అంతా వాడుతుంది కాబట్టి ఎక్కడో దగ్గర తగులుతుంది. 3600కి దించి రాత్రంతా టెస్ట్ పెడితే ఒక్క తప్పు లేదు.

కానీ అంత స్లోగా నడపడానికి మనసొప్పలేదు. నాలుగూ తీసేసి, బోర్డు కంపెనీ టెస్ట్ చేసిన లిస్టులో ఉన్న జత ఒకటి వేశా, ఒక్కో స్టిక్కు 32 జీబీ, రెండూ ఒకే ప్యాక్‌లోవి. 6000లో మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లూ సున్నా తప్పులు. ఆ తర్వాత మూడు గంటల రెండర్ పెట్టి, పడుకోకుండా ఎదురుగా కూర్చుని చూశా, అయిపోయింది.

మొన్న దుమ్ము దులుపుదామని కేస్ తెరిస్తే మా తమ్ముడు తొంగి చూసి, "అన్నయ్యా, రెండు స్లాట్లు ఖాళీగా ఉన్నాయి కదా, డ్రాయర్‌లో ఉన్న పాతవి కూడా పెట్టేస్తే 96 అవుతుందిగా" అన్నాడు. నేనేం మాట్లాడకుండా సైడ్ ప్యానెల్ బిగించేశా.