లిహోలిహో భోజనశాలలో అత్తయ్యతో

శాన్‌ఫ్రాన్సిస్కోలో సట్టర్ వీధిలో ఉన్న లిహోలిహో యాట్ క్లబ్‌లో పడవలేమీ ఉండవు. అది భోజనశాల. రవి కపూర్ అనే ఆయన 2015లో తెరిచారు. హవాయిలోని ఒవాహు దీవిలో పుట్టి పెరిగిన మనిషి. హవాయి, చైనా, భారతదేశం మూడూ కలిసిన కుటుంబం ఆయనది. కుటుంబంలోని పెద్దలు 1980ల్లో మావీ దీవిలో ఇదే పేరుతో ఒక సరదా సంఘం పెట్టుకుని, విందులు చేసి, వచ్చిన డబ్బుతో తెరచాప పడవల్లో తిరిగేవారట. ఆ పేరునే ఆయన తన భోజనశాలకు పెట్టుకున్నారు.

అక్కడికి మా అత్తయ్యను తీసుకెళ్లాలని నాకు చాలాకాలంగా కోరిక. ఆవిడది భీమవరం దగ్గర పల్లెటూరు. చేప విషయంలో మా ఇంట్లో ఆవిడదే చివరి మాట. మొప్ప ఎత్తి చూస్తారు, కన్ను చూస్తారు, వేలితో ఒకసారి నొక్కి చూస్తారు, అంతే, తీర్పు వచ్చేస్తుంది. మా దగ్గరికి ఫ్రీమాంట్ వచ్చినప్పుడల్లా మావారు ఆవిడను ఇడ్లీ, దోశె దొరికే చోటికే తీసుకెళ్తుంటారు. "ఇంత దూరం వచ్చింది మళ్లీ దోశె తినడానికా? ఇక్కడివాళ్లు తినేది నాకూ పెట్టించండి" అని ఈసారి ఆవిడే అడిగారు. బార్ట్ రైల్లో పావెల్ వీధి దాకా వెళ్లాం. అక్కడి నుంచి సట్టర్ వీధికి ఎత్తు ఎక్కాలి. అత్తయ్య మోకాళ్లకు అది కష్టం కాబట్టి టాక్సీ మాట్లాడుకున్నాం.

గుమ్మం దగ్గర నేల మీద పలకలతో 'అలోహా' అని పేర్చి ఉంటుంది. లోపలికి వెళ్లగానే వంటగది కళ్లెదుటే. గోడ మీద పెద్ద నలుపు తెలుపు ఫొటో. అందులో ఒక యువతి నోరారా నవ్వుతోంది. అత్తయ్య కూర్చోకుండా దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఎవరమ్మా ఈ పిల్ల?"

"ఇక్కడి వంటాయన తల్లి, అత్తయ్యా."

"ఎంత హాయిగా నవ్వుతోందో! మన ఇళ్లలో అమ్మ ఫొటో గోడ ఎక్కేది దండ వేయడానికే కదా" అన్నారు. మావారు ఏమీ అనకుండా కుర్చీ జరిపి ఆవిడను కూర్చోబెట్టారు.

ముందు పోకే చెప్పాం. పచ్చి ట్యూనాను చిన్న చిన్న ముక్కలుగా కోసి, నువ్వుల నూనె కలిపి, కరకరలాడేలా వేయించిన నోరి అనే సముద్రపు నాచు రేకు మీద పెట్టి తెచ్చారు. ముక్క ఎర్రగా, పారదర్శకంగా మెరుస్తోంది. అంచు దగ్గర కూడా రంగు మారలేదు. పచ్చి చేప అనగానే అత్తయ్య తినరేమోనని మావారికి అనుమానం. ఆవిడ మాత్రం పళ్లెం ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశారు. ఒక ముక్కను వేలి కొనతో నొక్కారు. నొక్కిన చోట గుంట పడకుండా తిరిగి లేచింది. "నీచు లేదు" అని నోట్లో పెట్టుకున్నారు. రేకు పటుక్కున విరిగింది, చేప నాలుక మీద చల్లగా కరిగింది, చివర్లో నువ్వుల కమ్మదనం వచ్చింది. "ఇంత మంచి చేపను వండితే పాపం తగిలేది" అన్నారు. చింతపండు లేని చేప గురించి ఆవిడ నోట అంత గొప్ప మాట నేను ఎప్పుడూ వినలేదు.

ఈ పోకే హవాయిలో జాలరుల తిండి. పాతకాలంలో తీరంలో దొరికిన చేపకు సముద్రపు ఉప్పు, లిము అనే నాచు, వేయించి దంచిన కుకుయి గింజల పొడి మాత్రమే కలిపేవారు. సోయా, నువ్వుల నూనె లాంటివి తూర్పు ఆసియా నుంచి వచ్చిన కూలీలతో తర్వాత చేరాయి. అమెరికా ఊళ్లన్నిటా గిన్నెల్లో మొక్కజొన్న గింజలు, మామిడి ముక్కలు, నాలుగు రకాల తియ్యటి పులుసులు పోసి అమ్మే పోకేలో చేప రుచి వెతుక్కోవాలి. సట్టర్ వీధిలో చేపే ముందు నాలుకకు తగులుతుంది. నాకు ఆ పద్ధతే సరైనదిగా తోస్తుంది.

కూలీల మాట ఎందుకంటే, నేటి హవాయి వంట చాలావరకు చెరకు తోటల్లో తయారైంది. కవాయి దీవిలోని కొలోవాలో 1835లో చెరకు తోట మొదలైంది. 1852 నుంచి చైనా వాళ్లను, 1868లో కొద్దిమందిగానూ 1885 నుంచి పెద్ద సంఖ్యలోనూ జపాన్ వాళ్లను, 1878 నుంచి పోర్చుగీసు వాళ్లను, 1903లో కొరియన్లను, 1906 నుంచి ఫిలిప్పీన్స్ వాళ్లను ఒప్పందాల మీద, జీతాల ఆశ మీద తెచ్చారు. జాతిని బట్టి కూలి రేటు వేరు, ఉండే పాకల వరసలు వేరు. మధ్యాహ్నం మాత్రం చెరకు మధ్య కలిసి కూర్చునేవారు. ఒక్కొక్కరి చేతిలో మన క్యారేజీ లాంటి రెండు గిన్నెల రేకు డబ్బా, అడుగున అన్నం, పైన కూరో చేపో. ఒకరి డబ్బాలోది ఒకరు రుచి చూస్తూ, మార్చుకుంటూ తినేవారు. ఇప్పుడు హవాయిలో వీధి వీధినా దొరికే ప్లేట్ లంచ్, అంటే రెండు గరిటెల అన్నం, పక్కన మాకరోనీ సలాడ్, ఏదో ఒక మాంసం, ఆ డబ్బాల సంతానమే.

నాది కాకినాడ. మా ఊరి పక్కనే కోరంగి ఉంది. 19వ శతాబ్దంలో ఆ రేవు నుంచే మనవాళ్లు ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లను చాలాకాలం ఆ రేవు పేరుతోనే పిలిచేవారు. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీ తోటలకు వెళ్లినవాళ్లలోనూ తెలుగువాళ్లు ఉన్నారు. అందుకే చెరకు తోట కూలీల తిండి గురించి చదివినప్పుడల్లా నాకు అది పరాయి దేశపు కథ అనిపించదు.

హవాయి దీవులకు ఈ కూలీలకంటే ముందే వచ్చిన అతిథి మరొకటి ఉంది, పసుపు. పాలినేషియా నావికులు వందల ఏళ్ల క్రితం జంట పడవల్లో హవాయి చేరినప్పుడు వెంట తెచ్చుకున్న మొక్కల్లో కొబ్బరి, అరటి, చెరకు, చామదుంపలతో పాటు పసుపూ ఉంది. అది చెప్పగానే అత్తయ్యకు ఆ దేశం మీద గౌరవం పెరిగింది. చామదుంప సంగతి ఇంకా బాగుంటుంది. ఆకాశదేవుడు వాకియా కొడుకు ఒకడు ప్రాణం లేకుండా పుట్టాడట. పాతిపెట్టిన చోట చామ మొక్క మొలిచింది. తర్వాత పుట్టిన బిడ్డ నుంచి మనుషులు వచ్చారు. కాబట్టి హవాయి వాళ్లకు చామదుంప అన్నగారు. అన్నగారిని ఉడికించి దంచితే 'పోయి' అనే ముద్ద అవుతుంది. ఆకుల్లో చేపనో మాంసాన్నో చుట్టి గంటల తరబడి ఆవిరి మీద పెడతారు. దురద పోవాలంటే అంతసేపు ఉడకాల్సిందే. "చామాకు దురద మనకు తెలియనిదా" అని అత్తయ్య చేతులు రుద్దుకున్నారు.

తర్వాత స్పామ్ వేసి వేయించిన అన్నం వచ్చింది. స్పామ్ డబ్బాలో వచ్చే పంది మాంసం. హార్మెల్ సంస్థ 1937లో అమ్మడం మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంతో పాటు దీవులకు చేరింది. సముద్రంలో వేటకు ఆంక్షలు ఉన్న రోజుల్లో నిల్వ ఉండే ఆ మాంసమే చాలా ఇళ్లను ఆదుకుంది. ఇప్పటికీ అమెరికా రాష్ట్రాల్లో తలసరిన ఎక్కువ స్పామ్ తినేది హవాయి వాళ్లే. ఈ భోజనశాలలో డబ్బా వాడరు, అదే రుచి వచ్చేలా మాంసాన్ని సొంతంగా తయారుచేసుకుంటారు. పేదవాడి డబ్బాకు అంత శ్రద్ధ చూపించడం నాకు చాలా నచ్చింది. అంచులు ఎర్రగా కాలి, లోపల మెత్తగా ఉంది. అత్తయ్య పంది మాంసం ముట్టరు కాబట్టి ఆ గిన్నె మా ఇద్దరిదే అయింది. ఇక్కడ పేరు మోసిన ఎద్దు నాలుక బన్నులు మేము తినం, చెప్పలేదు.

అప్పుడు అడిగారు అత్తయ్య, "ఇంతకీ ఈ లిహోలిహో ఎవరమ్మా?" అని.

లిహోలిహో హవాయి రాజు, రెండో కమేహమేహా. ఆయన కాలం దాకా ఆ దీవుల్లో కపు అనే కట్టడి ఉండేది. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి తినకూడదు. ఇద్దరికీ వంట వేరువేరు పొయ్యిల్లో. పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపండ్లు, కొన్ని చేపలు ఆడవాళ్లకు నిషిద్ధం. తప్పితే ప్రాణం తీసేవారు. 1819లో మొదటి కమేహమేహా చనిపోయి కొడుకు రాజయ్యాక, చనిపోయిన రాజు భార్య కాఅహుమాను రాణి, లిహోలిహో కన్నతల్లి కెయోపువోలాని ఆ కట్టడి పోవాలని పట్టుబట్టారు. విందు ఏర్పాటు చేశారు. మగవాళ్లకు ఒక బల్ల, ఆడవాళ్లకు ఒక బల్ల. కుర్ర రాజు ఆ బల్లల చుట్టూ ఒకటి రెండుసార్లు తిరిగాడు. ఉన్నట్టుండి వెళ్లి ఆడవాళ్ల బల్ల దగ్గర కూర్చుని గబగబా తినడం మొదలుపెట్టాడు. ఆ భోజనంతో వందల ఏళ్ల కట్టడి కూలిపోయింది.

"తల్లితో కలిసి తిన్నాడా?" అన్నారు అత్తయ్య. "భయం వేయలేదా ఆ పిల్లాడికి?"

"వేసే ఉంటుంది అత్తయ్యా. అందుకే చుట్టూ తిరిగాడు."

ఆవిడ కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత కొడుకు వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. ఉమ్మడి కుటుంబం రోజులవి. ముందు మామగారూ బావగార్లూ, తర్వాత పిల్లలూ చుట్టాలూ, ఆ తర్వాత పాలేర్లు. చివరికి వంటింట్లో పీట కూడా లేకుండా ఆడవాళ్లు. మట్టి దాకలో చేపల పులుసు పెట్టిన రోజు నడుము ముక్కలన్నీ సావిట్లోకి వెళ్లిపోయేవి. తోడికోడళ్లకు తోక ముక్కో తలకాయో దక్కితే దక్కినట్టు, లేకపోతే అడుగున మిగిలిన పులుసే. "ఊరంతా నా చేతి పులుసును మెచ్చుకునేది. అందులో ముక్క ఎలా ఉందో నాకు తెలియదురా" అన్నారు. "వేరు కాపురం పెట్టాక ఒకరోజు నడుము ముక్క నా కంచంలో వేసుకున్నాను. ఎవరైనా వచ్చి చూస్తారేమోనని తలుపు దగ్గరగా వేసి మరీ తిన్నాను."

మావారికి ఈ సంగతి తెలియదు. చిన్నప్పుడు తన కంచంలో ఎప్పుడూ నడుము ముక్కే ఉండేదన్న సంగతి మాత్రం తెలుసు. "చెప్పలేదేమమ్మా?" అన్నారు. "నువ్వు అడగలేదు కదరా" అన్నారు అత్తయ్య, ఏ నిష్ఠూరమూ లేకుండా. నాకు మాత్రం కోపం వచ్చింది, అది ఇంకా పోలేదు. చట్టం చేసి శిక్ష పెట్టిన కట్టడిని ఒక్క విందుతో కూల్చవచ్చు. మన ఇళ్లలో ఇది శిక్ష లేకుండానే నడిచింది, చాలాచోట్ల ఇప్పటికీ నడుస్తోంది. పెళ్లిళ్లలో, తద్దినాల్లో, పండగ భోజనాల్లో వండినవాళ్లు చివరి బంతిలో చల్లారిన అన్నం తినడం నేను చూస్తూనే ఉన్నాను.

మిగిలిన విందు త్వరగా చెబుతాను. చివర బేక్డ్ హవాయి అనే తీపి వచ్చింది. బేక్డ్ అలాస్కా అనే ఐస్‌క్రీము కేకుకు దీవుల రూపం. మెత్తటి కేకు, కాల్చిన పంచదార రుచి ఉన్న అనాసపండు ఐస్‌క్రీము, వాటి మీద గుడ్డు తెల్లసొన నురగను కుచ్చులుగా పోసి పైన మంటతో కాల్చారు. పైన వేడి గోధుమరంగు, లోపల గడ్డకట్టిన చల్లదనం. నలుగురు తినేంత ఉంది, ముగ్గురం పూర్తి చేశాం. అన్నట్టు, అనాసపండు ముక్కలు వేసే హవాయియన్ పిజ్జా హవాయిది కానేకాదు, 1962లో కెనడాలోని ఆంటారియోలో పుట్టింది.

ఇలాంటి చోట్లను 'ఆధునిక' హవాయి వంట అంటారు. ఆ మాట వెనక కొంత చరిత్ర ఉంది. దీవుల్లోని పెద్ద హోటళ్లు ఒకప్పుడు యూరప్ వంటలనే వడ్డించేవి, సరుకు కూడా చాలావరకు ఓడల్లో దిగేది. 1991లో రాయ్ యామగుచి, అలన్ వాంగ్, సామ్ చోయ్ సహా పన్నెండు మంది వంటవాళ్లు జట్టుకట్టి, దీవుల్లో పండింది, దీవుల తీరంలో పట్టింది వండుతామని నిలబడ్డారు. తోటల కూలీలు తిన్న రుచులకు తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద చోటు వచ్చింది అప్పటి నుంచే. రవి కపూర్ వంటలో నాకు కనిపించింది ఆ వరసే. ఆయన కొత్తదనం కోసం ఏదీ చేయలేదనిపించింది. ఇంట్లో తిన్నదాన్ని తన చేతనైనంత బాగా వండి పెట్టారు.

వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా బల్ల చెప్పి ఉంచుకోండి. గొడ్డు మాంసం, పంది మాంసం తినని పెద్దలు వెంట ఉంటే ఆ సంగతి కూర్చోగానే చెప్పండి. మెనూ కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ రోజు ఏ చేప వచ్చిందో అడగండి. పళ్లేలన్నీ మధ్యలో పెట్టించుకుని పంచుకుంటేనే ఈ వంట బాగుంటుంది. అత్తయ్య వచ్చే ఏడాది మామయ్యగారితో కలిసి వస్తున్నారు. ఆయనకు పచ్చి చేప ఎలా తినిపించాలన్నది ఆవిడ బాధ్యతట, బల్ల చెప్పడం నా బాధ్యత.