ఎడమ మలుపులకే వెలిగే దీపం

అమెరికాలోని జార్జియాలో డాలోనెగా దాటి బ్లెయిర్స్‌విల్ వైపు కొండ ఎక్కుతుండగా డ్యాష్‌బోర్డు మీద రెండు పసుపు దీపాలు మళ్లీ ఒకేసారి వెలిగాయి. ఒకటి జారిపోతున్న కారు బొమ్మ, అంటే కారు అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్‌ది. రెండోది, బ్రేకు గట్టిగా వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ది. బయలుదేరే ముందే అట్లాంటాలో ఒక సర్వీసు సెంటర్‌కు తీసుకువెళ్లి చూపిస్తే, పరీక్షకే 180 డాలర్లు పుచ్చుకుని, ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలని, 2,400 డాలర్లవుతుందని కాగితం చేతిలో పెట్టారు. 2000 సంవత్సరపు ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారును నేను కొన్నదే 9,000 డాలర్లకు. ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పడేసి, మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, నార్త్ కరొలినా, టెన్నెసీ సరిహద్దులోని కొండ కనుమ డీల్స్ గ్యాప్‌కు బయలుదేరాను.

బ్రేకులు మామూలుగానే పడుతున్నాయి కనుక భయమేమీ లేదు గానీ, చికాకు మాత్రం మైలు మైలుకూ పెరిగింది. మా నాన్నగారి అంబాసిడర్‌లో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిను వేడెక్కితే ఆవిరి కంటికి కనబడేది, బానెట్ ఎత్తి నీళ్లు పోస్తే సరిపోయేది. ఈ దీపం ఏదో తేడా ఉందని అంటుందే తప్ప ఎక్కడో చెప్పదు.

1995లో బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి ఎస్ క్లాస్ కార్లలో ప్రవేశపెట్టిన ఈ స్టెబిలిటీ కంట్రోల్, అమెరికాలో 2012 మోడళ్ల నాటికి గానీ తప్పనిసరి కాలేదు. నాలుగు చక్రాల వేగం, స్టీరింగ్ తిప్పిన కోణం, కారు తన చుట్టూ తాను తిరిగే వేగం, పక్కకు లాగే బలం, వీటన్నిటినీ సరిపోల్చుకుని, డ్రైవరు తిప్పిన వైపు కారు వెళ్లడం లేదనిపిస్తే అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. లెక్కల్లో ఒకటి నమ్మశక్యంగా లేకపోతే తనను తాను ఆపేసుకుని దీపం వెలిగిస్తుంది. పాత కార్లలో నీరసించిన బ్యాటరీ, పాడైన బ్రేకు లైటు స్విచ్, ముందు వెనుక సరిపోలని టైర్లు కూడా ఈ దీపానికి కారణమవుతుంటాయి. అందుకని బ్లెయిర్స్‌విల్ పెట్రోలు బంకులో బ్యాటరీ వోల్టేజీ చూశాను, 12.6 ఉంది, అంటే బాగానే ఉన్నట్టు. బావమరిది వెనక నిలబడి బ్రేకు లైట్లు వెలుగుతున్నాయని చెప్పాడు. స్టెబిలిటీ దీపం ఒక్కటే అయితే స్టీరింగ్ సెన్సార్‌ను అనుమానించేవాణ్ణి. చక్రాల వేగాన్ని బట్టే పని చేసే ఏబీఎస్ దీపం కూడా తోడు రావడంతో నా అనుమానం చక్రాల వేగం కొలిచే సెన్సార్ల మీదికి మళ్లింది.

కారును ఆపి మళ్లీ స్టార్టు చేస్తే దీపాలు ఆరిపోతాయి, కాసేపటికి మళ్లీ వస్తాయి. రాబిన్స్‌విల్ దగ్గర బావమరిది, “బావా, గమనించావా, ఎడమకు తిరిగినప్పుడే వెలుగుతోంది” అన్నాడు. ఆ తరువాత వచ్చిన మలుపులన్నిట్లోనూ అదే జరిగింది. 180 డాలర్లు పుచ్చుకున్నవాళ్లు కారును రోడ్డు మీదికి తీసుకువెళ్లారో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

డీల్స్ గ్యాప్‌లో, పడిపోయిన బైకుల విరిగిన భాగాలు వేలాడదీసే చెట్టు దగ్గర కారు ఆపాము. కారు కంప్యూటరు నమోదు చేసిన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ నా దగ్గర ఉంది గానీ, ఆ చౌకరకం ఇంజిను కోడ్‌లు తప్ప ఏబీఎస్ కోడ్‌లు చదవదు. పక్కనే ట్రక్కులో బైకు వేసుకొచ్చిన ఒక పెద్దాయన మా తంటాలు చూసి తన స్కానర్ తెచ్చి తగిలించాడు. ఖాళీ స్థలంలో నేను నెమ్మదిగా ఎడమవైపు గుండ్రంగా తిప్పుతుంటే, మూడు చక్రాల వేగం 9, 10 మైళ్ల మధ్య ఆడింది, ముందు కుడి చక్రానిది మాత్రం ఉన్నట్టుండి సున్నాకు పడిపోయింది. చక్రం పక్కకు తిప్పి ఉంచి టార్చి వేసి చూస్తే, సెన్సార్ వైరును పట్టుకోవలసిన రబ్బరు బిగింపు బ్రాకెట్ నుంచి ఊడి ఉంది. ఎడమకు తిప్పినప్పుడల్లా వైరు బిర్రుగా లాగబడి, ఏళ్ల వేడికి గట్టిపడిన తొడుగు ఒకచోట పగిలి, లోపలి రాగి తీగ కనబడుతోంది. పెద్దాయన దానికి టేపు చుట్టి, వదులుగా ఉండేటట్టు ప్లాస్టిక్ పట్టీతో బ్రాకెట్‌కు కట్టి, కోడ్‌లు చెరిపేశాడు. డబ్బివ్వబోతే తీసుకోలేదు, కాఫీ మాత్రం తాగాడు.

మర్నాడు పొద్దున్నే, 11 మైళ్లలో 318 మలుపులున్నాయని చెప్పుకునే టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అనే రోడ్డు ఎక్కాము. దీపాలు రాలేదు. తడిసిన ఆకులు పరుచుకున్న ఒక మలుపులో మాత్రం పసుపు దీపం టపటపా కొట్టుకుని, కింద గరగరమన్న చప్పుడుతో కారు దారికి వచ్చింది. “మళ్లీ మొదలైంది బావా!” అని బావమరిది అరిచాడు. నిలకడగా వెలిగితే జబ్బు, కొట్టుకుంటే పని చేస్తున్నట్టు అని చెప్పినా అతను నమ్మలేదు, టెన్నెసీ వైపు దిగేదాకా ఆ దీపం మీదే కన్ను వేసి కూర్చున్నాడు.

అట్లాంటా చేరాక ఇంటి దగ్గరి మెకానిక్ చేత వైరుతో సహా కొత్త సెన్సార్ వేయించాను. కూలితో కలిపి 140 డాలర్లయింది. పాత కాగితం ఆ సర్వీసు సెంటర్‌కు పట్టుకెళ్లి పరీక్ష ఫీజు తిరిగివ్వమని అడిగితే, అది పరీక్ష చేసినందుకు తీసుకున్నదే గానీ జబ్బు కనిపెట్టినందుకు కాదన్నారు.