రంగు వేయమంటే సున్నం కొట్టాను

నిన్న రాత్రి పదకొండున్నరకు బయటపడ్డాను. చికాకు ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

రెవిట్‌లో (భవనాల త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్) ఆస్పత్రి మోడల్, ఒక్క అంతస్తులోనే 340 గోడలు. ఫైర్ రేటింగ్‌ను (గోడ మంటలను ఎన్ని గంటలు ఆపుతుందో) బట్టి రంగులు వేసి చూపించమన్నారు మా లీడ్. వ్యూ ఫిల్టర్లతో, అంటే ఫలానా లక్షణం ఉన్నవాటికి ఫలానా రంగు అనే నియమాలతో, పది నిమిషాల పని. కానీ క్లయింట్ ఇచ్చిన వ్యూ టెంప్లేట్‌లో (డ్రాయింగ్ ఎలా కనిపించాలో ముందే కట్టేసిన సెట్టింగ్స్) ఫిల్టర్లు లాక్ అయి ఉన్నాయి, దాన్ని ముట్టుకోకూడదట! ఒక్కో గోడకి విడిగా రంగు మార్చే ఎలిమెంట్ ఓవర్‌రైడ్‌కి ఆ లాక్ అడ్డం రాదు. సరే అని పైరెవిట్‌లో (రెవిట్‌లో స్క్రిప్టులు నడిపే యాడ్-ఇన్) స్క్రిప్ట్ మొదలుపెట్టాను.

మొదట ప్రతి గోడకీ రేటింగ్ ఖాళీ అంది స్క్రిప్ట్. ఫైర్ రేటింగ్ ఉండేది గోడలో కాదు, దాని టైప్‌లో, అంటే ఆ రకం గోడలన్నిటికీ కలిపి ఉండే నిర్వచనంలో. అది ఐదు నిమిషాల్లో తేలింది. త్రీడీ వ్యూలో రన్ చేస్తే రెండు గంటల గోడలు ఎర్రగా, గంటవి నారింజ రంగులో మెరిశాయి.

ఆ ధీమాతోనే మీటింగ్‌లో అందరి ముందు ఫ్లోర్ ప్లాన్ తెరిచి రన్ కొట్టాను. ఎర్రర్ లేదు. '340 గోడలు పూర్తి' అని మెసేజ్ కూడా వచ్చింది. గోడలు మాత్రం తెల్లగానే ఉన్నాయి. మళ్లీ కొట్టాను. అంతే.

"ఏంటమ్మా, రంగు వేయమంటే సున్నం కొట్టుకొచ్చావ్?" అన్నారు లీడ్. నేను పని నేర్పిన కుర్రాడు కూడా నవ్వాడు.

సీటుకొచ్చి రంగులు మార్చాను, రెవిట్ మూసి తెరిచాను, గ్రాఫిక్స్ కార్డును తిట్టాను. చివరికి ఒక గోడ మీద రైట్ క్లిక్ చేసి చేత్తో ఓవర్‌రైడ్ చేయబోతే, ఆ డబ్బాలో సర్ఫేస్ ప్యాటర్న్స్ ఒకచోట, కట్ ప్యాటర్న్స్ ఇంకోచోట! ప్లాన్ అంటేనే గోడను అడ్డంగా కోసి పైనుంచి చూడటం. కనిపించేది కోసిన ముఖం. నేను రంగు పూసింది పైతోలుకి. ఆరేళ్లుగా ప్లాన్లు గీస్తున్న దాన్ని, తల ఎక్కడ పెట్టుకోవాలి?

స్క్రిప్ట్‌లో సెట్‌కట్‌ఫోర్‌గ్రౌండ్‌ప్యాటర్న్‌కలర్ (కోసిన ముఖానికి రంగు ఇచ్చే కమాండ్), దాని ప్యాటర్న్ ఐడీ, రెండే లైన్లు కలిపితే పనైపోయింది. ఐడీ ఇవ్వకపోతే, ప్యాటర్న్ లేని గోడకి రంగు ఇచ్చినా పడదు. సాలిడ్ ఫిల్‌ని (ముఖమంతా నిండే ప్యాటర్న్) పేరుతో వెతక్కండి, ఈజ్‌సాలిడ్‌ఫిల్ అనే ప్రాపర్టీతో పట్టుకోండి. నెట్‌లో దొరికే పాత స్క్రిప్టుల్లో 'ప్రొజెక్షన్‌ఫిల్‌కలర్' కనిపిస్తే వదిలేయండి, 2019 వెర్షన్‌లోనే ఆ పేర్లు మారాయి.

రేటింగ్ ఖాళీగా ఉన్నవాటికి ఊదా రంగు పెట్టడం మాత్రం నా సొంత ఆలోచన. 27 గోడలు బయటపడ్డాయి. అన్నీ ఆ నవ్విన కుర్రాడు గీసినవే.