ఆయాసం లేదన్నవాళ్లు

ఈరోజు బీపీ, షుగర్ క్లినిక్. వాన వెలిసింది కాబట్టి దూరపు ఊళ్లవాళ్లు కూడా వచ్చారు. తొమ్మిదిన్నరకే వరండా నిండిపోయింది.

శ్రీకాకుళం తీరంలో పనిచేసే డాక్టర్లకు అడ్డపొగ కొత్త కాదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. ఎక్కువగా ఆడవాళ్లే. అందుకే నోటి క్యాన్సర్ అనుమానంతో టార్చి వేసి అందరి అంగిలీ చూస్తాం. ఇవాళ ఒక పెద్దావిడ అంగిలి తెల్లగా మందంగా ఉంది. నోటి పరీక్షకు పెద్దాసుపత్రికి చీటీ రాస్తూ అడిగాను, ఆయాసం ఏమైనా వస్తోందా అమ్మా అని.

"నేదమ్మా. ముసిలిదాన్నయిపోనాను గదా, అంతే."

ఈ జవాబు నేను రోజూ వింటాను. దీన్ని ఉన్నదున్నట్టు రాసుకుంటే ఫారంలో 'లేదు' దగ్గర టిక్కు పడుతుంది, మనిషి ఇంటికి వెళ్లిపోతుంది. అందుకని వేరేగా అడిగాను. బోరింగు నుంచి నీళ్లు ఎవరు తెస్తున్నారు? కోడలు. మీరు తేవడం ఎప్పుడు మానేశారు? రెండు మూడేళ్లయింది. సంతకు వెళ్తున్నారా? లేదు. మరి కొండ మీద గుడికి? "కిందనుంచే దండమెట్టుకుంటానమ్మా."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆయాసం తెచ్చే పనులన్నీ ఒక్కొక్కటిగా వదిలేసింది. ఇక ఆయాసం ఎలా వస్తుంది? ఇంట్లోవాళ్లకు కూడా అది జబ్బులా కనిపించలేదు, వయసులా కనిపించింది. సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగ్గా బయటికి రాని దీర్ఘకాలిక జబ్బు, ఇంత ఆలస్యంగా బయటపడటానికి పెద్ద కారణం ఇదేనని నాకు గట్టి నమ్మకం.

గాలిని ఎంత వేగంగా ఊదగలరో చూపించే పీక్ ఫ్లో మీటర్‌లో మూడుసార్లు ఊదించాం. పళ్లు లేవు, పెదాలు బిగవక గాలి పక్కలకు పోతోంది. నర్సు ఓపిగ్గా పట్టుకుని ఊదించింది. రీడింగ్ బాగా తక్కువ. పీల్చే పంపుకు స్పేసర్ అనే గొట్టం పెట్టి, ఊపిరి గొట్టాలను తెరిచే మందు సాల్బ్యుటమాల్ నాలుగు పఫ్‌లు ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూశాం. కొంచెమే పెరిగింది. ఉబ్బసమైతే సాధారణంగా ఇంతకంటే తేడా కనిపించాలి. కానీ దీంతో నిర్ధారణ కాదు. అందుకు స్పైరోమెట్రీ, అంటే ఊదిన గాలిని మెషీన్‌తో కొలిచే పరీక్ష, కావాలి. మందు పీల్చాక ఊదిన గాలి మొత్తంలో మొదటి సెకనులో బయటికొచ్చింది 70 శాతం కన్నా తక్కువుంటే సీఓపీడీ అంటాం. వయసు పైబడినవాళ్లలో ఆ నిష్పత్తి ఎటూ తగ్గుతుంది కాబట్టి అంకె ఒక్కటే చూస్తే చాలదు, లక్షణాలూ పొగ చరిత్రా కలిపి చూడాలి. ఆవిడకు దగ్గు మొదలై రెండు వారాలు దాటింది కాబట్టి ముందు టీబీకి కళ్లె పరీక్ష రాశాను.

అలాగని ఊళ్లో అందర్నీ వరసగా కూర్చోబెట్టి ఊదించాలని నేను అనను. లక్షణాలు లేనివాళ్లకు ఈ స్క్రీనింగ్ వద్దని అమెరికాలోని నిపుణుల కమిటీ 2016లో చెప్పింది, 2022లో మళ్లీ అదే మాట చెప్పింది. నాకూ అదే సబబు అనిపిస్తుంది. కాకపోతే లక్షణాలు లేవని తేల్చేముందు సరిగ్గా అడగాలి కదా. ముప్పై దాటినవాళ్లకు ఆశ కార్యకర్తలు నింపే ఫారంలో వంట దేనిమీద చేస్తారు, ఇటుక బట్టీల్లాంటి పొగ, దుమ్ము పనుల్లో ఉన్నారా అనే ప్రశ్నలున్నాయి. చాలా విలువైన ప్రశ్నలు. ఈవిడ ఇంట్లో గ్యాస్ ఉంది. టీ, కూర దానిమీదే. అన్నానికీ వేణ్నీళ్లకూ మాత్రం కట్టెలపొయ్యి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి, సిలిండర్లు ఇళ్లకు చేరాయి, అయినా పొగ పూర్తిగా పోలేదు. చుట్ట ముట్టని ఆడవాళ్లకు కూడా ఈ జబ్బు రావడానికి ఆ పొయ్యి ఒక కారణం.

కొడుక్కి మందు పీల్చే పంపు అంటే భయం. ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుందట, మాత్రలే ఇమ్మంటాడు. ఈ లెక్క నేను ఎవరికైనా విసుగు లేకుండా చెబుతాను: సాల్బ్యుటమాల్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు, మాత్రలో 4 మిల్లీగ్రాములు. ఒక్క మాత్ర 40 పఫ్‌లకు సమానం. మాత్ర ఒళ్లంతా తిరిగి గుండెదడ, చేతుల వణుకు తెస్తుంది. పంపులో మందు నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది. స్పేసర్ కొనలేకపోతే అర లీటరు నీళ్ల సీసా అడుగున పంపు మూతి పట్టేంత రంధ్రం చేసి, గాలి పోకుండా చుట్టూ టేపు వేసినా పనిచేస్తుందని చూపించాను. పోయిన ఊపిరి తిరిగి రాదని కూడా దాచకుండా చెప్పాను. చుట్ట మానేస్తే మిగిలింది త్వరగా తరిగిపోకుండా ఉంటుంది. ఆవిడ దానికి జవాబు చెప్పలేదు, వచ్చే వారం మళ్లీ మాట్లాడాలి.

స్పైరోమెట్రీకి ఏరియా ఆసుపత్రికి వెళ్లాలంటే కొడుక్కి ఒక రోజు కూలి పోతుంది. ఇలా చీటీ పట్టుకుని వెళ్లినవాళ్లలో చాలామంది ఊదకుండానే మధ్యలో ఆగిపోతారు. అందుకే సాయంత్రం కూర్చుని, మా పీహెచ్‌సీకి ఒక స్పైరోమీటర్ ఇవ్వమని జిల్లాకు లెటర్ రాశాను. నర్సుకు శిక్షణ కూడా అడిగాను. పళ్లు లేని మనిషి చేత ఆరు సెకన్లు ఆపకుండా ఊదించడం మెషీన్ వల్ల అయ్యే పని కాదు.