ఈ ఏడాది నెలకొక పుస్తకం, అన్నీ ఆడవాళ్లు రాసినవే

ఈసారి రీడింగ్ ఛాలెంజ్‌కి పన్నెండు పుస్తకాలు అనుకున్నాను, అన్నీ ఆడవాళ్ల బతుకుల గురించి ఆడవాళ్లే రాసినవి. మీరూ చేరతానంటే నేను మొదట చేతిలో పెట్టేది ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటల్ని రికార్డు చేసి స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల బృందం 1986లో తెచ్చింది. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం మాట్లాడతారు. అడవిలో కన్న బిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ మాట్లాడుతుంది, అక్కడ మాత్రం నేను పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. పోరాటం ఆగాక ఇంటికి వెళ్లిపొమ్మంటే వీళ్లకు ఎలా అనిపించి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

తర్వాత ఓల్గా ‘విముక్త’. సీత వెళ్లి శూర్పణఖను, అహల్యను, రేణుకను కలుస్తుంది. చిన్న పుస్తకమే, రెండు రోజుల్లో అయిపోతుంది, కానీ రామాయణం మళ్లీ పాత కళ్లతో చదవలేం.

ఇక గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’, దళిత స్త్రీల రచనలు. దీన్ని దయచేసి డిసెంబరు దాకా నెట్టొద్దు, మార్చిలోపే చదవండి. స్త్రీవాదం అంటే ఏ స్త్రీల గురించి మాట్లాడుతున్నామన్న ప్రశ్న మిగతా తొమ్మిది పుస్తకాలు చదువుతున్నప్పుడు కూడా మన పక్కనే ఉండాలి.