ముందు ఆ ట్యూబ్‌లైట్ ఆపండి

ముదురు ఆకుపచ్చ గోడ, ఇత్తడి ల్యాంపు, మఖ్మల్ కుషన్లు, ఒక మూల నుంచి మాత్రమే వచ్చే పసుపు వెలుతురు... ఇన్‌స్టాలో ఇలాంటి ఇళ్ళు చూసి చూసి నాకూ పిచ్చెక్కింది. మాదేమో అద్దె ఇల్లు, హైదరాబాద్‌లో టూ బీహెచ్‌కే, గోడలన్నీ క్రీమ్ కలర్, ప్రతి గదిలో తలుపు పైన ఒక ట్యూబ్‌లైట్. ఇంటీరియర్ వాళ్ళని అడిగితే హాలు ఒక్కదానికే లక్షల్లో చెప్పారు, ఫాల్స్ సీలింగ్ అంట, ప్యానెలింగ్ అంట, ఇంకేదో అంట. అంత లేదు బాబూ అనేసి నేనే మొదలుపెట్టా. హాలూ దానికి ఆనుకుని ఉన్న డైనింగ్ మూలా కలిపి ముప్పై వేల లోపే తేలింది, అదెలాగో రాయమని ఫ్రెండ్స్ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

అందరూ మొదట అడిగేది "ముందు ఏం కొన్నావ్" అని. ఏం కొనలేదు, ట్యూబ్‌లైట్ ఆపేశా. నిజంగా అంతే. మన ఇళ్ళల్లో లైటు వేశామంటే గది మొత్తం ఒకే లెక్కన తెల్లగా ఉండాలి, మూలన పడ్డ గుండుసూది కూడా దొరకాలి, లేకపోతే "ఏంటే ఆ గుడ్డి లైటు, సంధ్యవేళ" అని ఎవరో ఒకరు అంటారు. కానీ ఆ తెల్ల వెలుతురు కింద ఎంత ఖరీదైన సోఫా పెట్టినా చప్పగానే ఉంటుంది, ఎందుకంటే ఎక్కడా నీడ లేదు. మనం ఫోటోల్లో చూసి ముచ్చట పడేదంతా సగం నీడే, దానికి పైసా ఖర్చు లేదు. గోడ మీద చెమ్మ మరకా, టైల్ మీద పగులూ, ఓనర్ వేయించిన ఆ అదో రకం స్విచ్ బోర్డూ కూడా అందులోనే కలిసిపోతాయి, అద్దె ఇంటికి ఇంతకంటే ఏం కావాలి.

బల్బు డబ్బా మీద చిన్న అక్షరాల్లో కెల్విన్ నంబర్ ఉంటుంది, అంటే ఆ వెలుతురు ఎంత పసుపో ఎంత తెలుపో చెప్పేది, మనం ఎప్పుడూ చూడం. 6500 అంటే మన ట్యూబ్‌లైట్ తెలుపు, కాస్త నీలం కలిసి ఉంటుంది. 4000 మధ్యరకం. 2700 అంటే పాతకాలం ఫిలమెంట్ బల్బు పసుపు. షాపులో వార్మ్ వైట్ అని అడిగితే ఎక్కువగా 3000ది ఇస్తారు, అదీ బానే ఉంటుంది, కాకపోతే ఒకే గదిలో ఒకటి పసుపు ఒకటి తెలుపు పెట్టకండి, మొత్తం మూడ్ పోతుంది. ఇంకోటి సీఆర్‌ఐ, అంటే ఆ లైటు కింద రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే నంబర్, వందకి లెక్క. మామూలువి 80 దగ్గర ఉంటాయి, 90 పైన దొరికితే మెరూన్, చెక్క రంగు, మన ముఖాలు కూడా పాలిపోకుండా ఉంటాయి, ల్యాంపులకి మాత్రం అవే తెచ్చుకోండి.

డిమ్మర్, అంటే వెలుతురు తగ్గించి పెంచుకునే స్విచ్, దాని జోలికి నేను పోలేదు. దానికి బల్బు మీద డిమ్మబుల్ అని రాసి ఉండాలి, మామూలు ఎల్ఈడీని పెడితే టపటపా కొట్టుకుంటుంది. ఒక పెద్ద బల్బు బదులు 3 వాట్లవి, 5 వాట్లవి నాలుగైదు చోట్ల పెట్టా, అన్నీ మనం కూర్చుంటే కంటి ఎత్తులోనో ఇంకా కిందనో. సోఫా పక్కన ఒకటి, టీవీ వెనక ఎల్ఈడీ స్ట్రిప్ ఒకటి, మూలన మొక్క కుండీ వెనక నేల మీద ఒకటి (దీంతో గోడ మీద ఆకుల నీడలు పెద్దగా పడతాయి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు దాన్నే చూస్తారు, దానికైన ఖర్చు ఒక హోల్డరూ వైరూ అంతే). ఇవన్నీ ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి కలిపి ఒక్క స్విచ్ మీద వెలిగేలా చేసుకోండి, లేకపోతే రోజూ నాలుగు చోట్లకి వంగి వంగి వేసే ఓపిక లేక వారానికే మళ్ళీ ట్యూబ్‌లైట్‌కి వచ్చేస్తారు.

అన్నట్టు ఇల్లంతా ఇలా చేయకండి. వంటింట్లో తెల్ల లైటు ముట్టుకోలేదు నేను, కత్తిపీట దగ్గర మూడ్ ఏంటి. పిల్లల చదువు బల్ల దగ్గర కూడా అంతే. మా మావయ్యగారు పేపర్ చదవడానికి ఇబ్బంది పడ్డారు, వయసు పెరిగేకొద్దీ కంటికి ఎక్కువ వెలుతురు కావాలి కదా, అందుకని ఆయన కుర్చీ వెనక 9 వాట్లది రీడింగ్ ల్యాంప్ పెట్టా, ఇప్పుడు ఆ కుర్చీ ఆయన లేనప్పుడు మేమందరం కొట్టుకునే కుర్చీ అయింది.

ఇక గోడ. ఓనర్ అంకుల్‌ని ఒప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె ఎలాగూ పట్టుకుంటారు, ఆ మాటే అని, ఒక్క గోడే అంకుల్, వెళ్ళేటప్పుడు మళ్ళీ క్రీమ్ కొట్టించి ఇస్తా అని వాట్సాప్‌లో కూడా రాసి పెట్టా, రాతలో ఉండటం ఇద్దరికీ మంచిది. ముదురు రంగు మీద మళ్ళీ లేత రంగు ఎక్కాలంటే ముందు ప్రైమర్ (రంగు కింద వేసే పూత) ఒక కోటు పడాల్సిందే, ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

రంగు ఏది అని పింట్‌రెస్ట్‌లో నెల రోజులు తిరగక్కర్లేదు, మీ బీరువా తెరవండి. మన పట్టుచీరల్లో ఈ లెక్క ఎప్పుడో తేల్చేశారు. నెమలికంఠం రంగు ఒంటికి మెరూన్ అంచు, వంగపండు రంగుకి ఆవపిండి పసుపు, నేరేడుపండుకి పాత బంగారం జరీ. ఒళ్ళంతా ఒక ముదురు రంగు, అంచు ఇంకోటి, బుటాలు మాత్రం అక్కడక్కడ మెరుపు, గదికీ అదే కొలత. నేను మా అమ్మ ఇచ్చిన ముదురు ఆకుపచ్చ చీర పట్టుకెళ్ళి షేడ్ కార్డు పక్కన పెట్టి మరీ ఎంచుకున్నా, షాపతను వింతగా చూశాడు, చూస్తే చూశాడు. చీరలో ఒంటి రంగు గోడకి, అంచు రంగు కుషన్లకి, జరీ వాటా ఇత్తడికి.

పెయింట్ సంగతులు కొన్ని. 12 అడుగుల గోడ, పదడుగుల ఎత్తు అంటే 120 చదరపు అడుగులు, రెండు కోట్లకి రెండు లీటర్లు సరిపోతుంది, మూడో కోటు పడేలా ఉంటే ఇంకో లీటర్. ముదురు షేడ్స్ కలిపే బేస్‌లో తెల్ల పిగ్మెంట్ తక్కువ ఉంటుంది, అందుకే మొదటి కోటు చూసి గుండె ఆగినంత పనవుతుంది, చారలు చారలుగా ఉంటుంది, కంగారు పడకండి. ప్రైమర్‌లోనే కాస్త గ్రే కలిపించుకుంటే ఒక కోటు తగ్గొచ్చు. ఫినిష్ మ్యాట్ తీసుకోండి, మెరిసే ఫినిష్ అయితే గోడ ఎత్తుపల్లాలన్నీ లైటు పడగానే బయటపడతాయి, లప్పం సరిగ్గా పెట్టని గోడలే కదా మనవి. కానీ మ్యాట్‌కి ఒక జబ్బుంది, చెయ్యి తగిలినచోట, కుర్చీ రాసుకున్నచోట నిగనిగలాడే మచ్చ పడి తుడిస్తే ఇంకా పెద్దదవుతుంది, కాబట్టి నడిచే దారిలో ఉన్న గోడకి వద్దు. మా పెయింటర్ "మేడమ్, చీకటైపోద్ది, లైట్ షేడ్ ఏసుకోండి" అని రెండు పూటలా చెప్పాడు. ఎండాకాలం ముదురు రంగు వేడి పుట్టిస్తుందేమో అని మా ఆడపడుచు అడిగింది, ఎండ పడేది బయటి గోడకీ డాబాకీ, లోపలి గోడ ఏ రంగైతే ఏంటి.

కర్టెన్ల దగ్గర ఒక చిన్న మోసం చెప్తా. రెడీమేడ్‌లో కిటికీకి 5 అడుగులవి, తలుపుకి 7, పెద్ద తలుపుకి 9 అని దొరుకుతాయి. కిటికీకైనా సరే 9 అడుగులవే తెచ్చి, రాడ్‌ని సీలింగ్‌కి అడుగు కిందగా కొట్టించండి, నేల దాకా జారతాయి, గది ఎత్తు పెరిగినట్టు ఉంటుంది. రాడ్ కూడా కిటికీ కంటే రెండు పక్కలా అడుగు ఎక్కువ ఉండాలి, తెర తీసినప్పుడు బట్ట గోడ మీద ఉంటుంది, పొద్దున పూట వెలుతురు మొత్తం లోపలికి వస్తుంది. వెడల్పులో కక్కుర్తి వద్దు, రాడ్ పొడవుకి రెట్టింపు బట్ట ఉంటేనే మడతలు పడతాయి, లేకపోతే ఎంత మంచి బట్టైనా ఆరేసిన దుప్పటే. మఖ్మల్ మీటరు లెక్కన సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తెచ్చి కుషన్లకే వాడా, కర్టెన్లకి మాత్రం మందపాటి పాలిస్టర్, ఎందుకంటే మన దుమ్ముకి మఖ్మల్ కర్టెన్ నెలకోసారి ఉతికే ఓపిక ఎవరికుంది.

రెండు కుషన్లు పాత పట్టుచీరతో కుట్టించా. పాత పట్టుచీరలు కొంటాం అని వీధిలోకి వచ్చేవాళ్ళు జరీ కోసమే కొంటారు, వాళ్ళు ఇచ్చేదానికంటే ఆ మసకబారిన జరీ అంచు పసుపు లైటు కింద సోఫా మీద ఉంటే నాకు ఎక్కువ విలువ. పట్టు మడతల దగ్గర చిరుగుతుంది కాబట్టి లోపల కాటన్ లైనింగ్ వేయమని టైలర్‌కి చెప్పండి, అడక్కపోతే వేయరు.

ఇత్తడికి ముందు మీ అమ్మగారి అటక ఎక్కండి, ఆ తర్వాతే బజారు. మాకు ఒక గంగాళం, రెండు బిందెలు, ఒక దీపపు సెమ్మె దొరికాయి, స్టీలు వచ్చాక పైకి ఎక్కినవి మళ్ళీ దిగలేదు. గంగాళంలో స్నేక్ ప్లాంట్ కుండీ పెట్టా. చింతపండు, ఉప్పు వేసి తోమితే తళతళలాడతాయి గానీ అంత తళతళ నాకొద్దు, ఉబ్బెత్తుగా ఉన్నచోట మాత్రం తోమి, పల్లాల్లో నలుపు అలాగే ఉంచా, పనితనం అప్పుడే కనపడుతుంది. కొత్తగా కొన్నవాటి మీద మెరుపు పోకుండా వేసే వార్నిష్ లాంటి లాకర్ పూత ఉంటే చింతపండు పెట్టొద్దు, పూత అక్కడక్కడ లేచి అసహ్యంగా తయారవుతుంది. కొనాల్సి వస్తే బేగంబజార్, కిలో లెక్కన. లైట్ల సామానుకి ట్రూప్ బజార్. పాత ఫర్నిచర్, అద్దాలు, ఫ్రేములకి ఆదివారం ఎర్రగడ్డ, గురువారం పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజార్, పొద్దున్నే వెళ్ళాలి, చెప్పిన ధరకి సగం దగ్గర బేరం మొదలుపెట్టాలి. కాస్త మందంగా ఉన్న ప్రతి పాత అద్దాన్నీ "బెల్జియం అద్దం మేడమ్" అంటారు, నవ్వేసి ఊరుకోండి. నేను తెచ్చింది పాత టేకు డ్రెస్సింగ్ టేబుల్‌ది, ఊడదీసిన అద్దం, ఫ్రేముకి పాలిష్ పెట్టించి ల్యాంపు ఎదురుగా తగిలించా, ఒక ల్యాంపు డబ్బులకి రెండు ల్యాంపులు.

షాండ్లియర్ పెట్టలేదేం అని అడిగారు ఒకరిద్దరు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ హాల్లో 19 ఉంటాయి, బెల్జియం క్రిస్టల్‌వి, చూడ్డానికి రెండు కళ్ళు చాలవు, కానీ అక్కడి సీలింగ్ ఎత్తెక్కడ, మన పదడుగుల స్లాబెక్కడ, అది పెడితే ఫ్యాన్ ఎక్కడ పెడతాం తల్లీ. ప్లాస్టిక్ క్రిస్టల్‌వి ఆన్‌లైన్‌లో చవకగా వస్తాయి, వద్దు. బంగారు రంగు ప్లాస్టిక్ ఏదైనా వద్దు అసలు. మార్బుల్ డిజైన్ స్టిక్కర్లు, రంగులు మారే ఆర్జీబీ స్ట్రిప్‌లు, ప్లాస్టిక్ గులాబీలు కూడా, వీటి మీద పెట్టే మూడు నాలుగు వేలు దాచుకుంటే ఒక మంచి కార్పెట్ వస్తుంది.

లెక్క చెప్పమన్నారు కదా. లైట్లు అన్నీ కలిపి ఆరు వేలు దాకా, గోడకి కూలితో సహా ఐదు, కర్టెన్లూ రాడ్లూ ఆరు, కార్పెట్ నాలుగు, అద్దం పాలిష్‌తో మూడు, కుషన్లూ ఫోటో ఫ్రేములూ ఇంకో మూడు. ఫ్రేముల్లో తాతయ్య వాళ్ళ పెళ్ళి ఫోటో, ఇంకా అలాంటివే పాతవి, బ్లాక్ అండ్ వైట్ కాబట్టి ముదురు గోడ మీద భలే కుదిరాయి. ఇబ్బంది ఒక్కటే, దుమ్ము. ముదురు వస్తువు మీద దుమ్ము తెల్లగా పేరుకుంటుంది, రెండు రోజులు తుడవకపోతే వేలితో పేరు రాయొచ్చు.

మా అత్తయ్య మొదట్లో "ఏంటమ్మాయ్, కరెంటు పోయినట్టు" అన్నారు, ఇప్పుడు సీరియల్ టైముకి ఆవిడే ట్యూబ్‌లైట్ ఆపేస్తున్నారు, స్క్రీన్ మీద మెరుపు పడట్లేదంట. పూజ గది దగ్గర మాత్రం ముదురు రంగు రానివ్వనని తేల్చి చెప్పారు, నేనూ అడగలేదు. ఇప్పుడు నా కన్ను సీలింగ్ మీద ఉంది, అది కూడా అదే ఆకుపచ్చ వేస్తే గోడకీ దానికీ మధ్య ఆ తెల్ల గీత పోతుంది. మా ఆయన ఒప్పుకోవట్లేదు, ఓనర్ అంకుల్‌ని ఇంకా అడగలేదు.